సముద్రం మీదుగా ఫ్లాగ్లర్ రైలు దారిలో

మొదటి రోజు: సెయింట్ అగస్టీన్

ఫ్లోరిడా దీవుల పాత రైలు మార్గం చూడాలనుకునేవాళ్లు ఎక్కువమంది మయామి నుంచి దక్షిణానికి బయలుదేరతారు. నేను మాత్రం ఉత్తరాన సెయింట్ అగస్టీన్ నుంచే మొదలుపెడదామని పట్టుబట్టాను. సముద్రం మీద రైలు నడిపించిన హెన్రీ మోరిసన్ ఫ్లాగ్లర్ ఫ్లోరిడాలో కట్టిన మొదటి భవనం ఈ ఊళ్లోనే ఉంది, ఆయన సమాధీ ఇక్కడే ఉంది. అమ్మాయి ఉండేది జాక్సన్‌విల్‌లో. పొద్దున్నే బయలుదేరితే గంటలోపు చేరిపోయాం.

ఆ భవనం పేరు పాన్స్ డి లియోన్ హోటల్. 1888 జనవరి 10న తెరిచారు. ఇప్పుడది ఫ్లాగ్లర్ కాలేజీ. నేను రైల్వేలో వంతెనల విభాగంలో పని చేసి రిటైరయినవాణ్ణి కాబట్టి గుమ్మటాల కన్నా ముందు గోడల మీదికే నా చూపు పోయింది. ఇటుక పేర్చి కట్టిన గోడలు కావవి. సిమెంటులో ఇక్కడి తీరంలో దొరికే గవ్వరాయి నలగ్గొట్టి కలిపి పోత పోసినవి. అమెరికాలో ఇంత పెద్ద కట్టడాన్ని కాంక్రీటు పోతతో నిలబెట్టడం అప్పటికి చాలా కొత్త. ఇరవయ్యేళ్ల తర్వాత ఇదే మనిషి సముద్రం అడుగున కాంక్రీటు పోయించాడన్నది గుర్తుంచుకుని చూస్తే ఈ గోడలు వేరుగా కనిపిస్తాయి. లోపల భోజనశాలలో టిఫనీ సంస్థ రంగుటద్దాల కిటికీల కింద విద్యార్థులు పళ్లేలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒకప్పుడు కోటీశ్వరులకు మాత్రమే ప్రవేశమున్న చోట పిల్లలు మామూలుగా అన్నం తింటూ ఉండటం నాకు ఎంతో నచ్చింది.

ఫ్లాగ్లర్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాస్టరు ఇంట్లో పుట్టాడు. 14 ఏళ్లకే చదువు మానేసి ఒహాయోలో బంధువుల కొట్లో పనికి కుదిరాడు. నెలకు 5 డాలర్లు, తిండీ బసా. తర్వాత మిషిగన్‌లో ఉప్పు వ్యాపారం పెట్టి, అంతర్యుద్ధం ముగిశాక ధరలు పడిపోవడంతో అంతా పోగొట్టుకుని అప్పులపాలయ్యాడు. మళ్లీ ధాన్యం వ్యాపారంలోకి వచ్చి నిలదొక్కుకుంటున్నప్పుడు జాన్ రాక్‌ఫెల్లర్‌తో జత కుదిరింది. 1867లో భాగస్వామ్యం, 1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ. దాన్ని కార్పొరేషన్‌గా మలచాలన్న ఆలోచన మీదేనా అని అడిగితే, కాదు, ఫ్లాగ్లర్‌ది అని రాక్‌ఫెల్లరే చెప్పాడు. రైలు కంపెనీలతో బేరాలాడి, తమ పీపాలకు మాత్రమే గుట్టుగా కిరాయి తగ్గింపులు సాధించిన నేర్పు కూడా ఈయనదే. పోటీదారులు అలాగే చితికిపోయారు. రైలువాళ్ల మెడలు వంచి డబ్బు గడించిన మనిషి, ఆ డబ్బంతా తెచ్చి చివరికి ఒక రైలు మార్గంలోనే పోశాడు.

ఆ కంపెనీ మనకు అంత దూరపుదేమీ కాదు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను ముక్కలు చేసింది. అందులో కాలిఫోర్నియా ముక్క తర్వాత మరో కంపెనీతో కలిసి కాల్‌టెక్స్‌ను పెట్టింది. 1957లో విశాఖపట్నంలో చమురు శుద్ధి కర్మాగారం పెట్టింది ఆ కాల్‌టెక్సే. ఇవాళ అది హిందుస్థాన్ పెట్రోలియం వారిది. ఇది చెప్పగానే మా ఆవిడ కారులోంచి దిగకుండానే, "అయితే మా పెదనాన్న జీతం కూడా ఈయన పుణ్యమేనన్నమాట" అంది. ఆయన ఆ కర్మాగారంలోనే ఫిట్టరుగా చేసేవాడు.

మొదటి భార్య మేరీ ఆరోగ్యం కోసం 1878 ప్రాంతంలో ఫ్లాగ్లర్ చలికాలం గడపడానికి ఫ్లోరిడా వచ్చాడు. ఆమె 1881లో పోయింది. రెండో పెళ్లి తర్వాత మళ్లీ ఈ ఊరు వచ్చి, ఎండ బాగుంది, సముద్రం బాగుంది, ఉండటానికి చోటు మాత్రం లేదని చూసి హోటల్ కట్టడం మొదలుపెట్టాడు. హోటల్ కడితే అతిథులు రావాలి. జాక్సన్‌విల్ నుంచి వచ్చే రైలు చూస్తే సన్న పట్టాల మీద అవస్థపడుతూ వచ్చేది. 1885లో దాన్ని కొనేశాడు, పట్టాలు వెడల్పు చేయించాడు, సెయింట్ జాన్స్ నది మీద వంతెన వేయించాడు. ఆయన రైలు వ్యాపారం ఇలా మొదలైంది. ముందు హోటల్, దాని కోసం రైలు, ఆ రైలు చివర మరో హోటల్. ఇరవయ్యేళ్లు ఇదే వరసలో దక్షిణానికి జరుగుతూ పోయాడు.

సాయంత్రం స్మారక ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్లాం. 1889లో కూతురు జెన్నీ లూయీస్ కాన్పు తర్వాత చనిపోతే ఆమె పేరు మీద ఏడాదిలోపే కట్టించాడు. లోపలి గదిలో ఆయన, మేరీ, కూతురు, ఆ పసిబిడ్డ పక్కపక్కన ఉన్నారు. తర్వాత పెళ్లాడిన ఇద్దరు భార్యల సమాధులు ఇక్కడ లేవు.

రెండో రోజు: పామ్ బీచ్

దాదాపు 400 కిలోమీటర్ల ప్రయాణం. పెద్ద రహదారి వదిలి వీలైనంత దూరం పాత ఒకటో నంబరు రోడ్డు మీదే పోదామన్నాను, ఎందుకంటే ఆ రోడ్డు పక్కనే ఫ్లాగ్లర్ పట్టాలున్నాయి. ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే ఇప్పటికీ జాక్సన్‌విల్ నుంచి మయామి దాకా సరుకు మోస్తోంది. ఒకచోట గేటు పడింది. కంటైనర్ల గూడ్సు వెళుతూనే ఉంది, వెళుతూనే ఉంది. అమ్మాయి ఫోను తీసుకుంది, నేను పెట్టెలు లెక్కపెట్టాను.

ఇక్కడ భూముల సంగతి చెప్పాలి. 1893 చట్టం ప్రకారం వేసిన ప్రతి మైలు పట్టాకూ 8,000 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి ఫ్లోరిడా ఇవ్వజూపింది. దాతృత్వంతోనో పిచ్చితోనో ఈయన రైలు వేశాడని చెప్పే కథలు ఈ లెక్కను మరచిపోతాయి. రైలు వచ్చిన చోట భూమి ధర పెరుగుతుంది, ఆ భూమి రైలు వేసినవాడిదే. మన అమరావతి చుట్టూ, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు చుట్టూ స్థలాల బేరాలు చూసినవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు.

రైలు 1894లో వెస్ట్ పామ్ బీచ్ చేరింది. సరస్సుకు ఆ పక్క ద్వీపంలో రాయల్ పాయిన్సియానా అనే పెద్ద చెక్క హోటల్ కట్టాడు. తర్వాత సముద్రపు ఒడ్డున కట్టినది ఇవాళ్టి బ్రేకర్స్ హోటల్‌కు మూలం. సరస్సు ఇవతల పనివాళ్ల ఊరు, అవతల ధనికుల ద్వీపం. ఆ విభజన ఆయన గీసిందే. ద్వీపంలో హోటళ్లు కట్టిన, నడిపిన నల్లజాతి కూలీలు స్టిక్స్ అనే వాడలో గుడిసెలు వేసుకుని ఉండేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో వాళ్లందరినీ ఖాళీ చేయించి సరస్సు ఇవతలికి పంపేశారు. ఇప్పుడు అక్కడ ఎత్తైన కంచెచెట్ల వెనక భవంతులున్నాయి.

ఫ్లాగ్లర్ భవంతి వైట్‌హాల్ 1902లో పూర్తయింది. 75 గదులు, ముందు పాలరాతి స్తంభాలు. ఇప్పుడు మ్యూజియం. మూడో భార్య మేరీ లిలీ కెనన్‌కు పెళ్లి కానుకగా కట్టించిన ఇల్లు. ఈ ఇంటి అందం గురించి చెప్పాలంటే ముందు ఆ పెళ్లి గురించి చెప్పాలి. రెండో భార్య ఐడా ఆలిస్‌కు మతి స్థిమితం తప్పిందని వైద్యులు తేల్చారు, ఆమెను ఆసుపత్రిలో ఉంచారు. అప్పటి ఫ్లోరిడా చట్టం ప్రకారం ఆ కారణంతో విడాకులు దొరకవు. 1901లో శాసనసభ కొత్త చట్టం చేసింది, నయంకాని మతిభ్రంశం విడాకులకు కారణం కావచ్చునని. ఆగస్టులో ఆయనకు విడాకులొచ్చాయి, అదే నెల 24న మూడో పెళ్లి జరిగింది. 1905లో ఆ చట్టాన్ని రద్దు చేసేశారు. ఒక్క మనిషి అవసరానికి ఒక రాష్ట్రం చట్టం చేసి, ఆ అవసరం తీరాక తీసేసింది. ఐడా ఆలిస్ 1930 దాకా బతికింది, ఆయన పోయాక కూడా పదిహేడేళ్లు. ఆమె ఖర్చులకు డబ్బు ఏర్పాటు చేశాడు, నిజమే. అయినా ఆ పాలరాతి హాల్లో నాకు ఎక్కువసేపు నిలవబుద్ధి కాలేదు.

మ్యూజియం వెనక గాజు మంటపంలో ఆయన సొంత రైలు పెట్టె, 91వ నంబరుది, ఉంది. 1886లో చేసింది. లోపల చెక్క పని, రాగి స్నానపు గది, చిన్న వంటగది. సముద్రం మీది మార్గానికి చివరి ఊరైన కీ వెస్ట్‌కు మొదటి రైల్లో ఆయన వెళ్లింది ఇందులోనే. దాని చుట్టూ తిరిగి, కింద బోగీ చక్రాలు కూడా వంగి చూశాను. అక్కడి పెద్దాయన ఒకరు నా ఆసక్తి చూసి, ఇది మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి, చాలా పాడైపోయాక దొరికిందని, బాగుచేయించి తెచ్చారని చెప్పాడు. బతికిన వస్తువు.

మూడో రోజు: మయామి దాటి ఇస్లమొరాడా దాకా

మయామి గురించి కొద్దిగానే. 1894 డిసెంబరులో, మళ్లీ 1895 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలి పడి ఫ్లోరిడాలో నారింజ తోటలు నాశనమయ్యాయి. మయామి నది దగ్గర భూములున్న జూలియా టటిల్ అనే ఆమె, ఇక్కడ చలి తగల్లేదు చూడండని ఫ్లాగ్లర్‌కు నారింజ పూల కొమ్మ పంపిందని ఊరంతా చెప్పుకునే కథ. కొమ్మ సంగతి ఎలా ఉన్నా ఆమె తన భూమిలో భాగం ఇస్తానన్నది నిజం. 1896 ఏప్రిల్లో రైలు వచ్చింది, జూలైలో మయామి పట్టణమైంది. ఊరికి ఆయన పేరు పెడతామంటే వద్దన్నాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన్ని గొప్ప హోటల్ వ్యాపారి అనేవారు. 1904లో అమెరికా పనామా కాలువ తవ్వకం చేతికి తీసుకుంది. కాలువ తెరుచుకుంటే వచ్చే ఓడలకు అమెరికా తూర్పు తీరంలో అన్నిటికన్నా దగ్గరి లోతైన రేవు కీ వెస్ట్. అక్కడి నుంచి క్యూబా 90 మైళ్లే. కానీ కీ వెస్ట్ ద్వీపం. ప్రధాన భూమికీ దానికీ మధ్య పగడపు దీవులూ సముద్రమూ. ముందు చిత్తడి నేలల గుండా కేప్ సేబుల్ దాకా వేద్దామని యువ ఇంజనీరు విలియం క్రోమ్‌ను సర్వేకి పంపారు. ఆ బురదలో కుదరదని క్రోమ్ తేల్చాడు. మిగిలింది దీవుల వెంట వెళ్లే దారి. 1905లో పని మొదలైంది. ఫ్లాగ్లర్‌కు అప్పటికి 75 ఏళ్లు.

హోంస్టెడ్ దాటాక చిత్తడి మధ్య నిటారుగా సాగే రోడ్డు, అదే పాత రైలు కట్ట దారి. ఇక్కడ మనుషులు నిలబడి మట్టి పోయడానికి నేలే లేదు. అందుకని తవ్వే యంత్రాలను పడవల మీద ఎక్కించి, అవి తమకు తేలడానికి కాలువ తవ్వుకుంటూ, ఆ తవ్విన మట్టినే పక్కన కట్టగా పోసుకుంటూ ముందుకు సాగేట్టు చేశారు. కృష్ణా డెల్టాలో కాలువా కాలువగట్టూ ఒకేసారి ఎలా పుట్టాయో చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ఉపాయం నాకు వెంటనే అర్థమైంది. అమ్మాయికి రోడ్డు పక్కన నీటిచాలు చూపించి చెప్పాను.

విండ్లీ కీ (ఇక్కడ చిన్న దీవిని కీ అంటారు) దగ్గర ఆగాం. ఒకప్పుడు ఫ్లాగ్లర్ కంపెనీ కొన్న రాతి క్వారీ ఇది, ఇప్పుడు ప్రభుత్వ పార్కు. ఎనిమిదడుగుల గోడల్లా కోసిన రాయి నిండా పగడాలు, లక్ష ఏళ్లకు పైగా పాతవి, వేటికవే గుర్తుపట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పగడం మీద రైలు కట్ట, పగడంతోనే రైలు కట్ట. రాళ్లు కోసిన పాత యంత్రాలు తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి. మా ఆవిడ రాతి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలా నిలబడింది.

ఇస్లమొరాడాలో రోడ్డు పక్కనే, ఎంతోమంది చూడకుండానే దాటిపోయే చోట, 1935 తుపాను స్మారకం ఉంది. ఈ దీవుల సున్నపురాయితోనే కట్టారు. ముందు పలక మీద అలలు, గాలికి వంగిన చెట్లు. కింద చనిపోయినవాళ్ల అస్థికలు.

1935 సెప్టెంబరు 2, సోమవారం. అమెరికాలో కార్మిక దినోత్సవ సెలవు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, తర్వాత పని దొరకక, తమకు రావలసిన బోనసు కోసం రాజధానిలో నిరసన చేసిన సైనికుల్లో కొన్ని వందల మందిని ప్రభుత్వం ఇక్కడికి రోడ్డు పనికి పంపింది. గుడారాల్లో, పలుచని చెక్క షెడ్లలో సముద్ర మట్టానికి కొన్ని అడుగుల ఎత్తులో ఉన్నారు. తుపాను వస్తోందని తెలిశాక వాళ్లను తరలించడానికి మయామి నుంచి రైలు పంపాలన్న ఆదేశమే ఆలస్యమైంది. రైలు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో బయలుదేరింది. దారిలో వంతెన తెరిచి ఉండటం వల్ల కొంతసేపు, వేలాడుతున్న కేబులు తగులుకుని మరికొంతసేపు ఆగిపోయింది. రాత్రి ఎనిమిది దాటాక ఇస్లమొరాడా చేరింది. అదే సమయానికి ఉప్పెన వచ్చింది, పదిహేడు పద్దెనిమిది అడుగుల ఎత్తున. పెట్టెలన్నీ పట్టాల మీంచి తిరగబడ్డాయి. 447వ నంబరు ఇంజను ఒక్కటే నిలబడింది. గాలి పీడనం 892 మిల్లీబార్లకు పడిపోయింది. అమెరికా నేలను తాకిన తుపానుల్లో ఇప్పటికీ అంతకు తక్కువ నమోదు కాలేదు. నాలుగు వందల మందికి పైగా పోయారు, అందులో సగానికి మించి ఆ సైనికులే.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు మా మేనత్త కుటుంబం అక్కడ ఉంది. మూడో రోజున మా నాన్నతో కలిసి వెళ్లాను. చూసినవి ఇక్కడ రాయను. హెచ్చరిక ఉంది, దాన్ని అందుకుని కదలాల్సినవాళ్లు కదల్లేదు, బలహీనమైన ఇళ్లలో ఉన్నవాళ్లు పోయారు. ఇస్లమొరాడాలో వివరాల పలక చదువుతుంటే ఒక్కొక్క వాక్యం నాకు ముందే తెలిసినట్టనిపించింది. సముద్రాన్ని నిందించడం తేలిక. రైలుకు ఆదేశం ఎప్పుడివ్వాలన్నది మాత్రం మనిషి చేతిలోని పని.

రైల్వేలో ఉన్నవాళ్లకు ధనుష్కోడి కూడా గుర్తుకు రాకమానదు. 1964 డిసెంబరులో అక్కడి ప్యాసింజరు రైలు మొత్తం సముద్రం పాలైంది. పాంబన్ వంతెన 1914లో తెరిచారు, కీ వెస్ట్ మార్గం 1912లో. అక్కడ రైలు దిగి శ్రీలంకలోని తలైమన్నార్‌కి ఓడ ఎక్కేవారు, ఇక్కడ రైలు దిగి హవానాకి. ఒకే కాలపు ఆలోచన. పాంబన్‌ను బాగుచేసి మళ్లీ నడిపించాం. ఇక్కడ అలా జరగలేదు.

నాలుగో రోజు: లాంగ్ కీ, పిజియన్ కీ

ఈ రోజు కోసమే నేను వచ్చింది.

లాంగ్ కీ వంతెన రెండు మైళ్లకు పైగా పొడవు, వరుసగా కాంక్రీటు ఆర్చీలు. ఫ్లాగ్లర్‌కు ఇది అన్నిటికన్నా ఇష్టమైన వంతెన అంటారు, కంపెనీ ప్రకటనల్లో దీని బొమ్మే వేసేవారు. పక్కన కొత్త రోడ్డు వంతెన ఉంది, పాతదాని మీద నడవనిస్తారు. కింద నీళ్లలో దిగి, పోత అతుకులు చూశాను. నూరేళ్లు దాటిన కాంక్రీటు, ఉప్పునీటిలో. కొన్నిచోట్ల పెచ్చులూడి ఇనుము బయటపడింది, కానీ ఆర్చీల ఒంపు చెక్కుచెదరలేదు. నీటి మట్టానికి దిగువన వాడటానికి జర్మనీ నుంచి ప్రత్యేకంగా సిమెంటు తెప్పించారు. ముందు చుట్టూ కొయ్య దడి దింపి, అడుగున కాంక్రీటు పోసి బిగించి, తర్వాత నీరు తోడేసి, పొడి గుంటలో స్తంభం పైకి లేపేవారు. మంచినీటి చుక్క లేని దీవులివి. తాగడానికీ, కాంక్రీటు కలపడానికీ, ఆవిరి యంత్రాలకూ నీరంతా ప్రధాన భూమి నుంచి ట్యాంకుల్లో వచ్చేది. నా ఉద్యోగంలో ఒక్కరోజు నీళ్ల ట్యాంకరు రాకపోతే పని ఆగిపోయేది. ఇక్కడ ఏడేళ్లు అలా నడిపారు.

ఈ లాంగ్ కీ దగ్గరే 1906 అక్టోబరు తుపానులో కూలీలు పడుకునే తేలే ఇల్లు ఒకటి, నాలుగో నంబరుది, లంగరు తెంచుకుని సముద్రంలోకి కొట్టుకుపోయి ముక్కలైంది. ఆ తుపానులో వంద మందికి పైగా చనిపోయారు. దుంగలు పట్టుకుని తేలిన కొందరిని దారిన పోయే ఓడలు కాపాడి దూరపు రేవుల్లో దింపాయి. తర్వాతే కూలీలను నీటి మీద కాక నేల మీద ఉంచాలని నిర్ణయించారు. 1909లో, 1910లో మళ్లీ తుపానులు. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ మెరెడిత్ 1909లో పని మధ్యలోనే చనిపోయాడు. ఆ స్థానంలోకి క్రోమ్ వచ్చాడు, సర్వే చేసినవాడే పూర్తి చేశాడు. పత్రికలు దీన్ని ఫ్లాగ్లర్ పిచ్చిపని అన్నాయి.

కూలీలు బహామాస్ నుంచి, కేమన్ దీవుల నుంచి, స్పెయిన్ నుంచి వచ్చారు. న్యూయార్క్ వీధుల్లో ఏజెంట్లు పోగుచేసిన కొత్త వలసదారులు కూడా. రోజుకు డాలరుంబావు. దారి ఖర్చు బాకీ కింద రాసి, బాకీ తీరేదాకా కదలనివ్వడం లేదని ఫిర్యాదులొచ్చాయి. బానిసకూలీ నేరం కింద ఫెడరల్ ప్రభుత్వం కేసు పెట్టింది. 1908లో న్యూయార్క్ కోర్టులో అది నిలవలేదు. కోర్టులో నిలవకపోయినా, దీవిలో దోమల మధ్య ఉన్న మనిషికి వెనక్కి పోయే పడవ కూడా కంపెనీదేనన్నది మాత్రం మారదు. గల్ఫ్‌కు వెళ్లిన మన కరీంనగర్, నిజామాబాద్ కూలీల కథలు విన్నవాళ్లు ఎవరైనా ఆ ఫిర్యాదులను కొట్టిపారేయరు.

మారథాన్ నుంచి పాత ఏడు మైళ్ల వంతెన మీద నడిచి పిజియన్ కీకి వెళ్లాం. మొదటి రెండు మైళ్ల పైచిలుకు భాగాన్ని బాగుచేసి 2022 జనవరిలో పాదచారులకు, సైకిళ్లకు తెరిచారు. ఎండ మండిపోతోంది. మా ఆవిడ పడవలో వస్తానంది. అమ్మాయీ నేనూ నడిచాం. కాంక్రీటు స్తంభాల మీద ఉక్కు గర్డర్లు, ఖానా (రెండు స్తంభాల మధ్య భాగం) తర్వాత ఖానా. రైలు పోయాక వీటి మీదే రోడ్డు పరిచారు, రైలు పట్టాలనే తీసి రోడ్డుకు అటూ ఇటూ కంచెగా బిగించారు. చేత్తో పట్టుకుని చూశాను. పట్టా తల భాగం అరిగి నున్నగా ఉంది. దాని మీద నడిచిన చక్రాల అరుగుదల అది.

"నాన్నా, లాభం వస్తుందనే కట్టాడా, లేక కట్టాలనే కట్టాడా?" అని అడిగింది అమ్మాయి.

నేను అనుకున్నదే చెప్పాను. 1905లో కాగితం మీద లాభం ఉంది. పనామా ఓడలు, క్యూబా చక్కెర, అనాస. కానీ 1906 తుపాను తర్వాత ఆ కాగితం నిలవదు. అప్పుడు ఏ వ్యాపారి అయినా నష్టం రాసేసుకుని తప్పుకుంటాడు. ఉప్పు వ్యాపారంలో మునిగినప్పుడు ఆయనా తప్పుకున్నవాడే. ఇక్కడ తప్పుకోలేదు. మళ్లీ కొట్టుకుపోతే మళ్లీ కట్టమన్నాడు, ఈసారి మరింత గట్టిగా. లాభం చూసే మనిషి అంత గట్టిగా కట్టడు. అవసరమైన దానికన్నా బలంగా కట్టిన చోట ఇంజనీరుకు అది కంటికి కనిపిస్తుంది, ఈ స్తంభాల్లో కనిపిస్తోంది. 1935 ఉప్పెనలో నలభై మైళ్ల మేర కట్ట కొట్టుకుపోయినా వంతెనలు నిలబడ్డాయి.

పిజియన్ కీ ఐదెకరాల దీవి. వంతెన కడుతున్నప్పుడు నాలుగు వందల మంది ఇక్కడ ఉన్నారు. పసుపు రంగు చెక్క ఇళ్లు కొన్ని మిగిలాయి. గ్యాంగ్‌మన్ల క్వార్టరు ముందు నేను ఆగిపోయాను. వరండా, గాలి కోసం పెట్టిన కిటికీలు, వంటకు వేరే చోటు. ఊరు కాని చోట పట్టాల పక్కన బతికే మనుషులు ఎక్కడైనా ఇలాగే బతుకుతారు. నల్లజాతి కూలీలకు వేరే బస, అది కూడా ఉంది. మా ఆవిడ పడవ దిగి అప్పటికే నీడలో కూర్చుని ఉంది. తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాం.

ఐదో రోజు: బహియా హోండా, కీ వెస్ట్

బహియా హోండా జలసంధిలో నీరు లోతు, ప్రవాహం వడి. అందుకని ఇక్కడ పెద్ద ఉక్కు చట్రాల వంతెన కట్టారు. రైలు చట్రం లోపలి నుంచి పోయేది. రోడ్డు వేసే రోజు వచ్చేసరికి ఆ చట్రం రెండు వాహనాలు పట్టేంత వెడల్పు లేదు. అందుకని రోడ్డును చట్రం నెత్తి మీద పరిచారు! ఇలాంటిది నేను మరెక్కడా చూడలేదు. ఇప్పుడు ఆ వంతెన వాడకంలో లేదు. పడవలు పోవడానికి ఒక ఖానా తీసేశారు. తుప్పు బాగా పట్టింది. ఇది ఎంతకాలం నిలుస్తుందో నేను లెక్క వేయగలను కానీ వేయబుద్ధి కాలేదు.

కీ వెస్ట్‌లో రైలుకు గుర్తుగా మిగిలింది చాలా తక్కువ. స్టేషనుకు సరిపడా నేల లేదంటే, అయితే నేల తయారు చేయండన్నాడని చెబుతారు. సముద్రంలోంచి మట్టి తోడి పోసి వంద ఎకరాలకు పైగా భూమి సృష్టించారు. ట్రంబో పాయింట్ అంటారు, ఇప్పుడు నౌకాదళం చేతిలో ఉంది. కంచె బయట నుంచే చూశాం.

1912 జనవరి 22న మొదటి రైలు ఇక్కడికి చేరింది. 91వ నంబరు పెట్టె దిగిన ఫ్లాగ్లర్‌కు 82 ఏళ్లు, చూపు దాదాపు పోయింది. పాటలు పాడిన పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి కానీ పిల్లలు కనిపించడం లేదన్నాడట. ఆ రోజు వచ్చిన జనంలో చాలామంది అప్పటిదాకా రైలు చూడనివారు. మరుసటి ఏడాది ఆయన వైట్‌హాల్ మెట్ల మీంచి జారిపడి, కోలుకోక, మే 20న చనిపోయాడు.

న్యూయార్క్ నుంచి హవానా స్పెషల్ అనే రైలు ఇక్కడి దాకా వచ్చేది. ఇక్కడి నుంచి హవానాకు ఓడ. 1915 నుంచి సరుకు పెట్టెలను అలాగే ఓడ మీదికి ఎక్కించి తీసుకెళ్లేవారు. కానీ పనామా ఓడలు ఆశించినట్టు కీ వెస్ట్ రేవుకు రాలేదు. 1931లో రైల్వే కంపెనీ దివాలా తీసి కోర్టు నియమించిన రిసీవరు చేతుల్లోకి పోయింది, 1934లో ఊరే దివాలా తీసింది, 1935లో ఉప్పెన వచ్చింది. మిగిలిన కట్టనూ వంతెనలనూ కంపెనీ 6,40,000 డాలర్లకు రాష్ట్రానికి అమ్మేసింది. 1938లో వాటి మీద రోడ్డు తెరుచుకుంది. రైలు నడిచింది 23 ఏళ్లు. రోడ్డు ఇప్పటికీ నడుస్తోంది. వంతెనలు చాలావరకు కొత్తవి, కానీ ఆ దారి ఎక్కడెక్కడ ఏ దీవిని పట్టుకుని పోవాలో నిర్ణయించినది క్రోమ్ సర్వేయే.

సాయంత్రం కాసా మరీనా హోటల్ ముందు నుంచి నడిచాం. ఆయన అనుకున్న చివరి హోటల్. ఆయన పోయాక 1920 చివర్లో గానీ తెరవలేదు. ఒక రాత్రికి ఎంతని అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. వాళ్లమ్మ "పదండి" అంది.

ఆరో రోజు: తిరుగు ప్రయాణం

మయామిలో అమ్మాయికి పని ఉంది. మమ్మల్ని బ్రైట్‌లైన్ స్టేషనులో దింపింది. ఫ్లాగ్లర్ రైల్వే 1968లో ప్రయాణికుల రైళ్లు మానేసింది. యాభై ఏళ్ల తర్వాత, 2018లో, ఈ బ్రైట్‌లైన్ అనే ప్రైవేటు కంపెనీ అదే మార్గంలో మళ్లీ ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. 2023 నుంచి ఓర్లాండో దాకా నడుపుతోంది. ఆ గేట్ల దగ్గర కార్లు, మనుషులు రైలుకు చిక్కుకుని చనిపోవడం ఎక్కువని పత్రికల్లో వస్తూనే ఉంది. మార్గమంతా నేల మట్టంలో రోడ్లు దాటుతూ పోవడం కిటికీలోంచి చూస్తే కారణం తెలుస్తుంది. 1890ల్లో ఊళ్లు లేని చోట వేసిన పట్టాలు, ఇప్పుడు ఊళ్ల నట్టనడుమ ఉన్నాయి. గేట్లు తీసేసి పైవంతెనలు కట్టాలి. మన దగ్గర కాపలా లేని గేట్లు ఒక్కొక్కటిగా తీసేయడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు, కానీ తీసేశాం. ఇక్కడా డబ్బుకు కొదవ లేదు.

కోకో దగ్గర మా రైలు తీరం వదిలి పడమటికి తిరిగింది. పాత పట్టాలు ఉత్తరానికి, జాక్సన్‌విల్ వైపు సాగిపోయాయి. ఓర్లాండోలో అల్లుడు కారు తెచ్చాడు. దారి పొడవునా అతనికి బహియా హోండా వంతెన బొమ్మ కాగితం మీద గీసి, రోడ్డు నెత్తి మీదికి ఎలా ఎక్కించారో వివరించాను.